లోన్ మాడిఫికేషన్ కోసం ముందుగా ఫీజు అడిగితే ఏం చేయాలి?

అమెరికాలో ఇంటి లోన్ కిస్తీలు ఆగిపోయి ఫోర్‌క్లోజర్ (బాకీ కోసం ఇంటిని వేలం వేసే ప్రక్రియ) నోటీసు కౌంటీ రికార్డుల్లోకి ఎక్కిందంటే, ఆ ఇంటి సంగతి కోరినవారెవరైనా చూడగలిగే సమాచారం అయిపోతుంది. కొద్ది రోజులకే పోస్టు పెట్టెలోకి ఉత్తరాలు రావడం మొదలవుతుంది. కవరు మీద ప్రభుత్వ ముద్రలా కనిపించే గద్ద బొమ్మ, ‘చివరి నోటీసు’ అని ఎర్రటి అక్షరాలు, లోపల మీ లెండర్ (లోన్ ఇచ్చిన సంస్థ) పేరు, మీరు తీసుకున్న లోన్ మొత్తం, కింద ఒక టోల్‌ఫ్రీ నంబరు ఉంటాయి. ఫోన్ చేస్తే ఒకరు ఎంతో సానుభూతితో మాట్లాడి, మీ కిస్తీని బాగా తగ్గించేలా లోన్ షరతులు మార్చమని, అంటే లోన్ మాడిఫికేషన్ కోసం, బ్యాంకుతో మాట్లాడతామని, ఫైలు తెరవడానికి మాత్రం ముందుగా రెండు మూడు వేల డాలర్లు కట్టాలని చెబుతారు. ఫీజు వివరాలు విన్న తరువాత ‘కట్టాలా, వద్దా’ అని ఇంట్లో చర్చ మొదలవుతుంది. నిజానికి ఆ చర్చే అవసరం లేదు. ఆ దశలో మీ దగ్గర డబ్బు అడగడమే ఫెడరల్ నిబంధనల ప్రకారం నిషేధం.

ఆ నిబంధనను మార్స్ రూల్ అంటారు. మార్ట్‌గేజ్ అసిస్టెన్స్ రిలీఫ్ సర్వీసెస్ అనే పేరుకు అది పొట్టి రూపం. 2008 నాటి ఇళ్ల సంక్షోభంలో లక్షలాది కుటుంబాలు కిస్తీలు కట్టలేక సతమతమవుతుంటే, ముందుగా ఫీజు దండుకొని ఆ తరువాత ఫోన్ ఎత్తని కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి. దానిమీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2010 నవంబరులో ఈ నిబంధనను ప్రకటించింది. అందులోని చాలా భాగాలు ఆ ఏడాది డిసెంబరు 29 నుంచి, ముందస్తు ఫీజు నిషేధం 2011 జనవరి 31 నుంచి అమలులోకి వచ్చాయి. తరువాత డాడ్-ఫ్రాంక్ చట్టం ప్రకారం ఈ నిబంధనను రాసే అధికారం కన్స్యూమర్ ఫైనాన్షియల్ ప్రొటెక్షన్ బ్యూరోకు, అంటే సీఎఫ్‌పీబీకి మారింది. అందువల్ల ఇప్పుడు అధికార పత్రాల్లో దాని పేరు రెగ్యులేషన్ ఓ. పేరు మారినా లోపలి విషయం అదే. అమలు చేసే అధికారం ఫెడరల్ సంస్థలతో పాటు రాష్ట్రాలకు కూడా ఉంది.

నిషేధం ఎంతవరకు వర్తిస్తుందో జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. మీ లోన్ మార్పుకు సంబంధించి లెండర్ లేదా సర్వీసర్ ఇచ్చిన ఆఫర్‌ను ఆ మధ్యవర్తి తెచ్చి మీకు చూపించి, దాన్ని మీరు అంగీకరించి, మీకూ లెండర్‌కూ మధ్య లిఖితపూర్వక ఒప్పందం మీద సంతకం అయ్యేంతవరకు అతడు మీ దగ్గర ఒక్క డాలరు కూడా అడగకూడదు, తీసుకోకూడదు. సర్వీసర్ అంటే మీ దగ్గర నెలనెలా కిస్తీ వసూలు చేసే సంస్థ. లోన్ ఇచ్చిన బ్యాంకు, సర్వీసర్ ఒకరే కావచ్చు, వేరు వేరు కావచ్చు. డబ్బుకు వాళ్లు ఏ పేరు పెట్టారన్నది ముఖ్యం కాదు. రిటైనర్, ప్రాసెసింగ్ ఫీజు, డాక్యుమెంట్ రివ్యూ ఫీజు, ఫోరెన్సిక్ ఆడిట్ ఫీజు అంటూ ఏ పేరుతో అడిగినా, పని దశలవారీగా చేస్తున్నాం కాబట్టి ఫీజు కూడా దశలవారీగా కట్టమన్నా నిబంధన ఒప్పుకోదు. లోన్ మాడిఫికేషన్‌కు మాత్రమే కాక, ఫోర్‌క్లోజర్ ఆపించడం, కిస్తీలకు గడువు ఇప్పించడం, షార్ట్ సేల్‌కు (బాకీ కంటే తక్కువ ధరకు ఇల్లు అమ్ముకోవడానికి) ఒప్పించడం వంటి సేవలన్నింటికీ ఇదే వర్తిస్తుంది. మాట ఫోన్‌లో జరిగినా, గుడి దగ్గరో పార్టీలోనో ఎదురుగా కూర్చొని జరిగినా తేడా లేదు.

కాబట్టి మీరు చూడవలసింది ఒక కాగితం. ఆఫర్ తెచ్చామని చెప్పినవారు దానితో పాటు లెండర్ లేదా సర్వీసర్ రాసి ఇచ్చిన వేరే పేజీ ఒకటి మీకు ఇవ్వాలి. ‘ఈ ఆఫర్ గురించి మీ లెండర్ నుంచి ముఖ్య సమాచారం’ అనే అర్థం వచ్చే శీర్షిక దాని పైన ఉంటుంది. ఇప్పటి లోన్‌కూ, మారిన తరువాతి లోన్‌కూ మధ్య ఉన్న ముఖ్యమైన తేడాలన్నీ ఆ పేజీలో కనిపించాలి. అప్పులో అసలు మొత్తం ఎంత మిగిలింది, వడ్డీ రేటు ఎంత, అది తరువాత పెరిగే రకమైతే ఎంతవరకు పెరుగుతుంది, నెలకు ఎంత కట్టాలి, ఎన్నేళ్లు కట్టాలి, ఆగిపోయిన కిస్తీలను ఎక్కడ కలిపారు అన్నవి అందులో తెలియాలి. వచ్చింది కొన్ని నెలల ట్రయల్ ప్లాన్ మాత్రమే అయితే, ట్రయల్ పూర్తయినా శాశ్వత మార్పు దొరకకపోవచ్చని, అప్పుడు ఎంత బకాయి మీద పడుతుందో ఆ పేజీలోనే చెప్పాలి. ఈ పేజీని తీరిగ్గా, కాగితం మీద, కిస్తీ లెక్క వేసుకుంటూ చదవండి. కిస్తీ తగ్గిందన్న సంతోషంలో గడువు 40 ఏళ్లకు పెరిగిన సంగతి గమనించకపోవడం ఎవరికైనా జరగవచ్చు. చదివాక ఆ ఆఫర్ నచ్చకపోతే వద్దనే హక్కు మీకుంది. వద్దంటే మధ్యవర్తికి ఏమీ కట్టనక్కరలేదు, ఆ మాటను అతడే మీకు రాసి ఇవ్వాలి.

ఇంతవరకు రాకముందే, మొదటి ఉత్తరంలోనో మొదటి ఫోన్ కాల్‌లోనో చట్టాన్ని పాటించేవారెవరో, పాటించనివారెవరో పోల్చుకోవచ్చు. ప్రకటనలో ఆ సంస్థకు ప్రభుత్వంతో సంబంధం లేదని, దాని సేవను ప్రభుత్వం గాని మీ లెండర్ గాని ఆమోదించలేదని, వారి సేవ వాడుకున్నా మీ లెండర్ లోన్ మార్చడానికి ఒప్పుకోకపోవచ్చని స్పష్టంగా ఉండాలి. మీతో విడిగా మాట్లాడేటప్పుడు, మీరు ఎప్పుడైనా మానుకోవచ్చని, ఆఫర్ కాదంటే ఫీజు లేదని, ఔనంటే ఎంత కట్టాలో ముందే చెప్పాలి. రాతలో ఇచ్చే ఈ మాటల పైన ‘ముఖ్య గమనిక’ అనే శీర్షిక, కింది అక్షరాల కంటే రెండు పాయింట్లు పెద్దగా, బొద్దుగా ఉండాలని కూడా నిబంధన చెబుతోంది. అక్షరాల సైజు దాకా చట్టం పట్టించుకుందంటే, అంతకుముందు ఈ మాటలను ఎంత చిన్న అక్షరాల్లో దాచేవారో ఊహించుకోవచ్చు. ఫోన్‌లో అయితే కాల్ మొదట్లోనే చెప్పాలి.

అన్నిటికంటే ప్రమాదకరమైన మాట మరొకటి ఉంది. ‘ఇక మీద మీ బ్యాంకుతో మీరు మాట్లాడకండి, అంతా మేమే చూసుకుంటాం’ అని అంటారు. లెండర్‌తో మాట్లాడవద్దని గాని, మాట్లాడకూడదని గాని చెప్పడాన్ని రెగ్యులేషన్ ఓ పూర్తిగా నిషేధించింది. కిస్తీ కట్టడం ఆపమని సలహా ఇచ్చేవారు, ఆపితే ఇల్లు పోవచ్చని, క్రెడిట్ దెబ్బతినవచ్చని అదే చోట హెచ్చరించాలి. మన వాళ్లలో చాలామంది అప్పు సంగతి నలుగురిలో మాట్లాడడానికి నామోషీ పడతారు. బ్యాంకు నుంచి వచ్చే ఫోన్‌ను కూడా ఎత్తరు. ‘మేమే మాట్లాడతాం’ అన్న మాట అందుకే మనకు మరీ హాయిగా వినిపిస్తుంది.

ఆ మాట నమ్మితే పోయేది ఫీజు ఒక్కటే అయితే ఇంత వివరంగా రాయవలసిన పని ఉండేది కాదు. పోయేవి రోజులు. దీన్ని ఒక ఉదాహరణతో చూద్దాం. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఇల్లు కొనుక్కొని అందులోనే ఉంటున్న ఒక కుటుంబం ఉందనుకుందాం. భర్తకు హెచ్-1బీ ఉద్యోగం పోయింది. వేరే కంపెనీ వెతుక్కోవడానికి సాధారణంగా దొరికేది 60 రోజుల గడువు. ఆ హడావిడిలో కిస్తీలు ఆగాయి. ఫెడరల్ సర్వీసింగ్ నిబంధనలు, అంటే రెగ్యులేషన్ ఎక్స్ ప్రకారం, సర్వీసర్ 36వ రోజులోపు వారితో నేరుగా మాట్లాడడానికి ప్రయత్నించాలి. 45వ రోజులోపు సహాయ మార్గాలు వివరిస్తూ ఉత్తరం పంపాలి. మామూలుగా 120 రోజుల బకాయి దాటేవరకు ఫోర్‌క్లోజర్‌కు మొదటి అడుగు వేయకూడదు. ఈ నాలుగు నెలలే అసలైన అవకాశం. అప్పుడే పూర్తి దరఖాస్తు అందితే, దాన్ని పరిశీలించి తేల్చేవరకు ఫోర్‌క్లోజర్ మొదలుపెట్టకూడదు. మొదలైన తరువాత అయినా, వేలానికి 37 రోజులకు పైగా గడువుండగా పూర్తి దరఖాస్తు చేరితే సర్వీసర్ 30 రోజుల్లో పరిశీలించి జవాబివ్వాలి, ఈలోగా వేలం వేయకూడదు.

ఇక్కడే టెక్సాస్ లెక్క చూడండి. ఆ రాష్ట్రంలో సొంత నివాసం మీద బకాయి తీర్చుకోవడానికి కనీసం 20 రోజుల నోటీసు ఇస్తారు. వేలం నోటీసు కనీసం 21 రోజుల ముందు వస్తుంది. వేలం నెలలో మొదటి మంగళవారం జరుగుతుంది. చాలా లోన్లలో దీనికి కోర్టు ప్రమేయమే ఉండదు. సర్వీసర్ ఆ కనీస గడువునే పాటిస్తే, వేలం నోటీసు చేతికందేసరికి 37 రోజుల గీత ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. మధ్యవర్తి మాట విని బ్యాంకుతో మాట్లాడకుండా, బ్యాంకు ఉత్తరాలు అతనికే పంపిస్తూ, ‘ఫైలు నడుస్తోంది’ అన్న జవాబుతో మూడు నెలలు గడిపిన కుటుంబానికి, ఆ నోటీసు వచ్చిన రోజున చట్టం ఇచ్చిన బలమైన రక్షణ చేజారిపోయి ఉంటుంది. కట్టిన 3,000 డాలర్లు ఎప్పటికో తిరిగి రావచ్చు, ఆ మూడు నెలలు రావు.

అందుకని మీరే నేరుగా దరఖాస్తు చేయడం మొదలుపెట్టండి. నెలవారీ స్టేట్‌మెంట్ మీద ఉన్న నంబరుకే ఫోన్ చేయండి, ఉత్తరంలో వచ్చిన వేరే నంబరుకు చేయవద్దు. ‘లాస్ మిటిగేషన్’ దరఖాస్తు కావాలని ఆ పేరుతోనే అడగండి, ఎందుకంటే మాడిఫికేషన్, ఫర్బేరెన్స్ (కిస్తీలను కొంతకాలం ఆపడం లేదా తగ్గించడం), రీపేమెంట్ ప్లాన్ (బకాయిని విడతలుగా తీర్చడం) అన్నీ ఆ ఒక్క పేరు కిందే వస్తాయి. జీతం చీటీలు, ట్యాక్స్ రిటర్న్, బ్యాంకు స్టేట్‌మెంట్లు, కష్టం ఎందుకు వచ్చిందో వివరిస్తూ ఒక పేజీ ఉత్తరం అడుగుతారు. ఆ ఉత్తరంలో కన్నీళ్ల కంటే తేదీలు ఉపయోగపడతాయి. ఉద్యోగం ఏ రోజు పోయింది, కొత్త జీతం ఎప్పటి నుంచి, ఎంత అన్నది రాస్తే చాలు. వేలానికి 45 రోజులకు పైగా సమయం ఉండగా దరఖాస్తు అందితే, అది పూర్తిగా ఉందో లేదో, ఇంకా ఏ కాగితాలు కావాలో సర్వీసర్ అయిదు పనిదినాల్లో రాతపూర్వకంగా చెప్పాలి. ఆ జవాబును దాచుకోండి. ‘పూర్తి’ అన్న మాట మీదే పైన చెప్పిన రక్షణలన్నీ ఆధారపడి ఉన్నాయి. ప్రతి కాల్ తరువాత తేదీ, మాట్లాడిన వ్యక్తి పేరు, అతడన్న మాట ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. దరఖాస్తు వేలానికి 90 రోజుల ముందే పూర్తయి ఉండగా మాడిఫికేషన్ కాదంటే, 14 రోజుల్లో అప్పీలు చేసుకునే హక్కు కూడా ఉంటుంది. 5,000 లోపు లోన్లు నడిపే చిన్న సర్వీసర్లకు ఈ నిబంధనల్లో చాలావాటి నుంచి మినహాయింపు ఉందన్న సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి.

దరఖాస్తు నింపడంలో సాయం కావాలంటే దానికీ డబ్బు కట్టనక్కరలేదు. హౌసింగ్ శాఖ, అంటే హడ్ ఆమోదించిన కౌన్సెలింగ్ సంస్థలు ఫోర్‌క్లోజర్ విషయంలో ఉచితంగా సలహా ఇస్తాయి, కొందరు మీతో పాటు లైనులో ఉండి సర్వీసర్‌తో మాట్లాడతారు కూడా. 800-569-4287 నంబరుకు ఫోన్ చేస్తే మీ దగ్గరలోని సంస్థ వివరాలు చెబుతారు. 888-995-4673 ఇంటి యజమానుల కోసం నడిచే హాట్‌లైన్. వేలల్లో ఫీజు అడిగే మధ్యవర్తి చేసే పని చాలాసార్లు ఇదే దరఖాస్తు నింపి పంపడం. ఒబామా హయాంలో లోన్ మాడిఫికేషన్ కోసం వచ్చిన హాంప్ పథకం పేరు చెప్పి ఇప్పటికీ ఎవరైనా పిలిస్తే, ఆ పథకానికి దరఖాస్తులు 2016 చివరితోనే ఆగిపోయాయని వారికి చెప్పి ఫోన్ పెట్టేయండి.

లాయర్ల విషయం కాస్త మెలికతో కూడుకున్నది. ముందస్తు ఫీజు నిషేధం నుంచి లాయర్లకు మినహాయింపు ఉంది, కానీ అది షరతులతో కూడినది. ఆ లాయర్ మీరుండే రాష్ట్రంలో లేదా ఇల్లున్న రాష్ట్రంలో లైసెన్సు ఉన్నవారై ఉండాలి. ఈ సేవ ఆయన లా ప్రాక్టీసులో భాగంగా జరగాలి. ఆ రాష్ట్ర నియమాలన్నీ పాటించాలి. మీరు ముందుగా ఇచ్చిన డబ్బును క్లయింట్ ట్రస్ట్ అకౌంట్‌లో, అంటే క్లయింట్ల డబ్బును విడిగా ఉంచే ఖాతాలో జమచేసి, పని చేసిన మేరకే, ఆ ఖాతాలకు రాష్ట్రం పెట్టిన నియమాల ప్రకారమే తీసుకోవాలి. ఈ మినహాయింపు చాటున దాక్కొనే ప్రయత్నాలు జరిగాయి. లెటర్‌హెడ్ మీద లాయర్ పేరు పెట్టి, లోపల పనంతా లాయర్లు కాని ఉద్యోగులతో చేయించి, వేలాది మంది దగ్గర ముందుగా ఫీజు తీసుకున్న సంస్థల మీద సీఎఫ్‌పీబీ వేసిన కేసు విస్కాన్సిన్ ఫెడరల్ కోర్టు నుంచి 7వ సర్క్యూట్ అప్పీలు కోర్టుకు వెళ్లింది. అక్కడ జరిగింది లా ప్రాక్టీసు కాదని, మినహాయింపు వర్తించదని 2021లో ఆ కోర్టు తేల్చింది, నష్టపరిహారం లెక్కను మాత్రం మళ్లీ చూడమని కింది కోర్టుకు పంపింది. కాలిఫోర్నియా ఇంకా ముందే, 2009లోనే, లాయర్లను కూడా కలుపుకొని ముందస్తు ఫీజును నిషేధించింది.

కాబట్టి లాయర్ అని చెప్పినవారిని మూడు విషయాలు అడగండి. బార్ నంబరు, అంటే లాయర్ లైసెన్సు నంబరు ఎంత? ఈ డబ్బు ఏ ట్రస్ట్ అకౌంట్‌లోకి వెళుతుంది? నా కేసు చూసేది మీరేనా, మీతో ఎప్పుడు మాట్లాడవచ్చు? నంబరును స్టేట్ బార్ వెబ్‌సైట్‌లో మీరే సరిచూసుకోండి. టెక్సాస్‌లో ఇల్లుంటే కాలిఫోర్నియా లైసెన్సు మాత్రమే ఉన్న లాయర్‌కు ఈ మినహాయింపు దొరకడం కష్టం. నిజంగా కోర్టులో వాదించవలసిన అవసరమున్న కేసులు ఉంటాయి, మంచి లాయర్లకు ఫీజు ఇవ్వడం తప్పేమీ కాదు. వారు ఈ మూడింటికీ నొచ్చుకోకుండా జవాబు చెబుతారు.

మన వాళ్లకు సంబంధించి మరో చిక్కు ఉంది. డాలస్‌లోనో అట్లాంటాలోనో ఒక ఇంట్లో ఉంటూ, మరో ఇల్లు కొని అద్దెకిచ్చినవారు మనలో ఎక్కువే. నేను పైన చెప్పిన 120 రోజులు, 37 రోజుల రక్షణలు మీరు నివసించే ప్రధాన గృహానికే వర్తిస్తాయి. రెగ్యులేషన్ ఓ కూడా నాలుగు లేదా అంతకు తక్కువ యూనిట్లున్న, ప్రధానంగా సొంత, కుటుంబ అవసరాలకు వాడే ఇంటి గురించి మాట్లాడుతుంది. కాబట్టి అద్దె ఇంటి లోన్ విషయంలో ఈ గడువులను నమ్ముకొని కూర్చోవద్దు, బకాయి పడకముందే సర్వీసర్‌తో మాట్లాడుకోవాలి. ఇక హైదరాబాదులోనో విజయవాడలోనో ఉండి, అమెరికాలోని పిల్లలకు ‘లోన్ సరిచేసే ఫీజు’ కోసం డబ్బు పంపబోతున్న తల్లిదండ్రులు, పంపేముందు లెండర్ ఇచ్చిన ఆఫర్ పేజీ ఫొటో పెట్టమని అడగడం మంచిది. అది లేకపోతే ఆ డబ్బును ఆగిపోయిన కిస్తీకే పంపండి.

ఇప్పటికే డబ్బు కట్టేసి ఉంటే, ముందుగా సర్వీసర్‌కు ఫోన్ చేసి మీ పేరు మీద దరఖాస్తు ఏదైనా వచ్చిందో లేదో, వేలం తేదీ ఏమైనా పెట్టారో కనుక్కోండి. డబ్బు వెనక్కి తెచ్చుకునే పని ఆ తరువాతది. క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే, ఆ ఖర్చు కనిపించిన మొదటి స్టేట్‌మెంట్ నుంచి 60 రోజుల్లోగా కార్డు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. ఫీజు తీసుకున్న మధ్యవర్తి కంపెనీకి, ఒప్పందం రద్దు చేస్తున్నామని, లెండర్‌తో ఒప్పందం కాకముందే తీసుకున్న ఫీజు తిరిగి ఇవ్వాలని ఈమెయిల్‌తో పాటు సర్టిఫైడ్ మెయిల్‌లో రాయండి. ఈ నిబంధన కింద నాకున్న హక్కులు వదులుకుంటున్నాను అని వారు మీతో సంతకం చేయించుకున్నా భయపడనక్కరలేదు, అలా వదులుకోమని అడగడమే నిబంధనను ఉల్లంఘించడం. సీఎఫ్‌పీబీకి 855-411-2372లో, ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు దాని రిపోర్ట్‌ఫ్రాడ్ సైట్‌లో, మీ రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయంలో ఫిర్యాదు చేయండి. లాయర్ ప్రమేయముంటే స్టేట్ బార్‌కు కూడా రాయండి. చాలా రాష్ట్రాల బార్‌ల దగ్గర, లాయర్ కాజేసిన క్లయింట్ల డబ్బును భర్తీ చేయడానికి ఒక నిధి ఉంటుంది.

చివరగా ఒక పని మర్చిపోవద్దు. వారు సంతకం పెట్టించుకున్న కాగితాల కట్టలో డీడ్ ఏదైనా ఉందేమో చూడండి. ‘ఫోర్‌క్లోజర్ ఆపడానికి తాత్కాలికంగా’ అని చెప్పి క్విట్‌క్లెయిమ్ డీడ్ (ఇంటి మీద మీ హక్కును మరొకరికి వదిలేసే పత్రం) మీద సంతకం తీసుకుంటే, ఇల్లు వారి పేరు మీదికి వెళుతుంది, లోన్ మీ పేరు మీదే ఉండిపోతుంది. కౌంటీ క్లర్క్ వెబ్‌సైట్‌లో మీ పేరు కొట్టి, గత ఆరు నెలల్లో ఆ ఇంటి మీద ఏ పత్రాలు రికార్డయ్యాయో చూసుకోవడానికి పది నిమిషాలు చాలు. మీరు గుర్తుపట్టలేని పత్రం అక్కడ కనిపిస్తే, దాని రికార్డింగ్ నంబరు రాసుకొని, ఆ రోజే లీగల్ ఎయిడ్ కార్యాలయానికి ఫోన్ చేయండి.